కార్డు వెనకవైపు

జూన్ 4

విజిల్ అక్కకు,

పది రోజులుగా జవాబు రాయలేదని నువ్వు ఇంట్లో అందరి మీదా విజిల్ ఊదుతూ ఉంటావని నాకు తెలుసు. డ్రిల్ టీచరుకు చెల్లెలిగా పుట్టాక తప్పుతుందా! ఆఫీసు ఫోనులో మాట్లాడితే ఆపరేటరు వింటుంది, హాస్టలు ఫోనులో మాట్లాడితే వార్డెను వింటుంది, నువ్వేమో ఇంట్లో ఫోను పెట్టించుకోవు. మనకిక ఉత్తరాలే దిక్కు.

మా లిఫ్టుల కంపెనీకి కొత్త సార్ వచ్చారు. పాత పెద్దాయన నీకు గుర్తున్నారుగా, పాపం మహా మతిమరుపు. ఆయన కోసమే నేను మనిషికో కార్డు రాసి పెట్టేదాన్ని. పేరు, పని, పిల్లలెంతమంది, ఇంట్లో ఎవరికి బాగోలేదు. ఎవరైనా గదిలోకి వచ్చే ముందు కార్డు చూసుకుని "మీ అబ్బాయి పరీక్ష ఎలా రాశాడు?" అని అడిగేవారు. వచ్చినవాళ్ళు పొంగిపోయేవారు. పలకరింపు కార్డులని వాటికి నేనే పేరు పెట్టాను.

కొత్త సార్ ఆ పెట్టె చూసి, "ఇది మీ ఆలోచనేనా? పదేళ్ళుగా మీ విలువ ఎవరికీ తెలియలేదన్నమాట!" అన్నారు. అక్కా, నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మూడు వందల నలభై కార్డులు రెండు రోజుల్లో చదివేశారు. మళ్ళీ చూడాల్సిన అవసరమే రాలేదు. గేటు మనిషి నుంచి ఇంజనీరు దాకా అందర్నీ ఇంటి సంగతులతో సహా పలకరిస్తున్నారు. ఒక్కటే మార్పు చెప్పారు. కార్డు వెనకవైపు ఒక వాక్యం ఉండాలట, ఆ మనిషి దేనికి భయపడతాడో. "భయం ఎక్కడుందో తెలిస్తే అక్కడ తగలకుండా మాట్లాడొచ్చు కదమ్మా" అన్నారు. ఎంత మెత్తని మనసో చూడు.

వచ్చే వారం మీ ఊరి బ్రాంచికి వస్తున్నారు. అక్కడి సూపర్‌వైజరు కాబట్టి బావ కార్డు కూడా నేనే రాశాను. ముందువైపు మర్యాదగానే రాశానులే. వెనకవైపు మాత్రం "దేనికీ భయపడడు, మా అక్కకు తప్ప" అని రాశాను. సార్ చదివి పడీ పడీ నవ్వారు.

బుజ్జిదానికి ముద్దులు. బావను ఏడిపించకు.

నీ పిచుక

జూన్ 14

ఒసేయ్ పిచుకా,

కంపెనీ పెట్టెలో నా కాపురం సంగతి రాసి పెడతావా? కనపడు, నీ పని చెప్తాను.

మీ సార్ వచ్చారు. బ్రాంచి చూసుకుని వెళ్ళిపోతారనుకుంటే, మీ బావ వెంట మన ఇంటికే వచ్చేశారు. నేను బడి నుంచి వచ్చి బూట్లు కూడా విప్పలేదు. కుర్చీ వేస్తుంటే వద్దని గుమ్మం పక్కన బుజ్జిదాని ముక్కాలిపీట మీద కూర్చున్నారు! అంత పెద్ద మనిషి! పిల్లల్ని వరసలో నిలబెట్టడం ఎలాగో నన్ను అడిగి తెలుసుకున్నారు. మా హెడ్‌మాస్టరు పన్నెండేళ్ళలో ఒక్కసారి అడగలేదు ఆ మాట.

మీ బావ సంగతి నీకు తెలిసిందే, పది మందీ మెచ్చుకుంటే ఆయనకు దురద పుడుతుంది. సార్ వెళ్ళాక "ఆ మనిషి మనం నవ్వాక నవ్వుతున్నాడు, గమనించావా?" అన్నాడు. ముందు మన మొహాలు చూసి, తరవాత నవ్వుతున్నాడట. మరి మీరు జోకు చెప్పే తీరుకు ఎవరికైనా అర్థం కావడానికి అంత సేపు పడుతుంది అన్నాను. మొహం మాడ్చుకుని స్క్రూడ్రైవర్లు సర్దుకోవడానికి పోయాడు.

వెళ్తూ వెళ్తూ సార్ అడిగారు, "మీ ఆయన నిజంగానే మీ మాట జవదాటరా?" అని. వినక చస్తాడా అన్నాను.

వేళకు తిను. జలుబు చేస్తే మాత్ర వేసుకో, నాకు చెప్పకుండా దాచకు.

అక్క

జూలై 2

అక్కా,

ఈ ఉత్తరం చదివి బావకు వినిపించు. ఇంకెవరికీ వద్దు.

మా పొడుగు ఇంజనీరు గారు తెలుసుగా, లిఫ్టుల భద్రత చూసేవారు. పాత రకం లిఫ్టుల్లో బ్రేకు పట్టీలు అరిగిపోతున్నాయి, మార్చేదాకా నెల నెలా తనిఖీ ఆపకూడదని ఆయన కాగితం రాసి ఇచ్చారు. సార్ ఆయన్ని పిలిచారు. నేను షార్ట్‌హ్యాండ్ పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ముందు ఆయన భార్య ఎలా ఉన్నారని అడిగారు. ఆవిడకు మతి పోతోంది అక్కా, మొగుణ్ణి తప్ప ఎవర్నీ గుర్తుపట్టదు. ఆయన చెప్పుకున్నారు. సార్ తల ఊపుతూ అంతా విన్నారు. అదే గొంతుతో, "అయితే మీరు సోమవారం నుంచి దూరపు సైటులో పని చేస్తారు, నెలకోసారి ఇంటికి రావచ్చు" అన్నారు.

ఇంజనీరు గారు అక్కడే నిలబడి ఏడ్చారు. ఆయన కార్డు వెనకవైపు "రాత్రి ఇంట్లో లేకపోతే భార్య ఏమవుతుందోనని భయం" అని రాసింది ఎవరు? నేనే.

ఆయన వెళ్ళాక సార్ టీ కప్పు దగ్గరికి లాక్కుని, నన్ను అడిగారు. "ఆయన ఏడుస్తుంటే మీకు లోపల ఎలా అనిపించింది? ఎక్కడ అనిపించింది, గొంతులోనా, పొట్టలోనా? చెప్పండి, తెలుసుకోవాలని ఉంది." కోపం లేదు, వెటకారం లేదు. రంగులు చూడలేనివాడు ఎరుపు ఎలా ఉంటుందని అడిగినట్టు అడిగారు. ఏమో సార్ అన్నాను.

ఆ సాయంత్రమే పదకొండు బ్రాంచీలకూ నా చేత ఫోన్లు చేయించారు. తనిఖీ ఇకనుంచి నెలకోసారి కాదు, ఆరు నెలలకోసారి. తనిఖీ మనుషుల్ని వెనక్కి పంపేయాలి. "రాతలో వద్దు, మీ నోటితో చెప్పండి చాలు" అన్నారు. బావ నా గొంతు గుర్తుపట్టి "రాసి పంపు మరదలా, రాసి పంపితేనే" అన్నాడు. నేను నవ్వేసి ఫోను పెట్టేశాను. అక్కా, ఆ కాగితం వచ్చేదాకా బావను పట్టు విడవద్దని చెప్పు.

నాకు ఆ ఆఫీసులో ఉండాలంటే భయంగా ఉంది.

పిచుక

జూలై 10

చెల్లికి,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మీ సార్ దగ్గర నుంచి కూడా ఉత్తరం వచ్చింది. స్వదస్తూరీతో రాశారు. నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదట, పనిలో ఉండి ఉండి ఏడుస్తున్నావట. పొడుగు ఇంజనీరు తానే అడిగి బదిలీ చేయించుకుంటే, నువ్వు దాన్ని మనసుకు పట్టించుకుని ఏవేవో ఊహించుకుంటున్నావట. "మీరు తల్లి తరవాత తల్లి కాబట్టి చెబుతున్నాను, ఆమెకు తెలియనివ్వకండి" అని రాశారు. తెలియనివ్వకుండా నేనెలా ఉంటాను, కడుపులో మాట దాగని దాన్ని!

పదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా బుర్ర వేడెక్కుతుంది. అయినా నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. తలుపు వెనక కోటు వేలాడుతుంటే దొంగ అని కేకలు పెట్టినదానివి. సార్‌కు జవాబులో అదే రాశాను. పదో ఏట బడిలో ఆటసామాను గదిలో నిన్ను పొరపాటున పెట్టి తాళం వేసినప్పటి నుంచి మూసిన తలుపంటే నీకు ప్రాణం పోతుందని, కాస్త మెల్లగా చూసుకోమని రాశాను. నా చెల్లెలి మంచి కోరే వాళ్ళకు చెప్పుకుంటే తప్పేముంది?

మీ బావ కాగితం కోసం రెండుసార్లు రాశాడు. రాలేదు. తనిఖీ మనుషులు వెళ్ళిపోయారు. "ఒక్కణ్ణీ ఎన్ని లిఫ్టులు ఎక్కి దిగను?" అని చిరాకు పడుతున్నాడు. వస్తుందిలే కాగితం, ఊరికే హైరానా పడకండి ఇద్దరూ.

అక్క

జూలై 15

అక్కా అక్కా,

నువ్వు ఆయనకు ఎందుకు రాశావు?

నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ, పాత ఫైళ్ళ గదిలోంచి ఒక ఫైలు తెమ్మన్నారు. కిటికీ లేని గది. లోపలికి వెళ్ళగానే తలుపు పడింది. పిడి తిప్పితే తిరగలేదు. అవతల నుంచి ఎవరో పట్టుకున్నారు. "సార్!" అని అరిచాను. తలుపుకు అవతలే, చాలా దగ్గరగా, ఆయన గొంతు. "నేనిక్కడే ఉన్నాను. ఆటసామాను గదిలో కూడా ఇంత చీకటిగా ఉండేదా?"

నేను ఏం చేశానో, ఏం అరిచానో నాకు తెలియదు. తలుపు తెరిచాక గోడ గడియారం చూశాను, పదకొండు నిమిషాలు. "పాత తలుపు, పట్టేసింది" అన్నారు. నా మొహం వైపు తేరిపార చూసి, మంచినీళ్ళు కూడా తానే ఇచ్చారు.

ఆటసామాను గది సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు అక్కా. నువ్వు చెప్తేనే ఆయనకు తెలిసింది.

తరవాత నేను పెట్టె తీసి బావ కార్డు చూశాను. వెనకవైపు నేను సరదాకు రాసిన వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు. మనిషికి ఎక్కడ పట్టు దొరుకుతుందో ఆయన వెతుకుతారు. బావ దగ్గర ఏదీ దొరికేది కాదు, నేనే చేతికందించాను. ఆయన మీ ఇంటికి వచ్చింది బావ కోసం కాదు, నీ కోసం. దయచేసి ఆయనకు ఇక ఒక్క ముక్క రాయకు. ఏం రాసినా హాస్టలుకే రాయి.

ఉద్యోగం మానేద్దామంటే, మానేసినవాళ్ళకు ఇంకెక్కడా పని దొరక్కుండా ఆయన చేసే ఫోన్లు నా చేత్తోనే కలుపుతున్నాను.

పిచుక

ఆగస్టు 6

చెల్లికి,

ఇక్కడ ఘోరం జరిగిపోయింది. జూలై 29న, నాలుగంతస్తుల ఆసుపత్రి భవనంలో మన కంపెనీ లిఫ్టు పై అంతస్తు నుంచి జారి పడింది. బ్రేకు పట్టలేదు. లోపల అద్దాలు తుడిచే ఆవిడ ఒక్కతే ఉంది. పోయింది. మీ బావకు ఆవిడ బాగా తెలుసు, ఈయన సామాను మోసుకొస్తే తలుపు పట్టుకుని నిలబడేదట. రెండు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు. మంచినీళ్ళు తాగించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో రోజు మీ సార్ వచ్చారు. మాతో పాటు కూర్చున్నారు, కళ్ళు తుడుచుకున్నారు. చెప్పింది ఒకటే. జూలైలో తనిఖీ జరగలేదని తేలితే తప్పు మీ బావ మీదే పడుతుంది, ఎందుకంటే ఆపమని కాగితం ఏదీ లేదు. అదే జూలై 20న తనిఖీ చేశాను, బ్రేకు బాగానే ఉంది అని మీ బావ రాసి ఇస్తే, అది ఎవరి చేతుల్లోనూ లేని ప్రమాదం అవుతుందట.

మీ బావ "చెయ్యనిది చేశానని రాయను" అని భీష్మించుకున్నాడు. సార్ నా వైపు చూసి, "మీరే చెప్పాలమ్మా" అన్నారు. చెప్పాను. అరిచాను. పోలీసులు వచ్చి తీసుకుపోతే బుజ్జిదాన్ని ఎవరు చూస్తారన్నాను. తిండి మానేసి కూర్చున్నాను. గురువారం సాయంత్రం సంతకం పెట్టాడు. పెట్టాక నా మొహం చూడలేదు, ఇంకా చూడటం లేదు. ఏం చేయను, మనిషి మిగిలితే చాలు.

ఫైళ్ళ గది సంగతి నేను అడగకముందే సార్ చెప్పారు. తలుపు పట్టేస్తే తానే భుజంతో తోసి తీశానన్నారు. నువ్వొకటి చెప్తున్నావు, ఆయనొకటి చెప్తున్నారు. నాకు తల తిరిగిపోతోంది. సెలవు పెట్టి వచ్చెయ్యవే.

అక్క

ఆగస్టు 9

అక్కా,

జాగ్రత్తగా చదువు. బావ చేత నువ్వు సంతకం పెట్టించింది బావను కాపాడే కాగితం కాదు.

ఈ రోజు విచారణ అధికారికి కంపెనీ తరఫు జవాబు నా చేత టైపు చేయించారు. "మా సూపర్‌వైజరు స్వయంగా తనిఖీ చేసి బ్రేకు బాగుందని ధ్రువీకరించారు, అరిగిన పట్టీలను చూసి కూడా చెప్పకపోవడం పూర్తిగా అతని నిర్లక్ష్యం." దానికి బావ సంతకం ఉన్న కాగితం జోడించారు. టైపు చేస్తుంటే వేళ్ళు ఆగిపోయాయి. "తప్పులు లేకుండా కొట్టండి, మీ బావగారి పేరు కదా" అన్నారు.

పొడుగు ఇంజనీరు గారి కాగితం సార్ చింపేశారు, నేను చూశాను. మిగిలింది నా షార్ట్‌హ్యాండ్ పుస్తకం ఒక్కటే. నా చెవిన పడిన ప్రతి ఆదేశాన్నీ తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. ఆరు నెలల మాట, "రాతలో వద్దు" అన్న మాట, రెండూ అందులో ఉన్నాయి. దాన్ని హాస్టలుకు తెచ్చేశాను. పద్నాలుగున విచారణ. అక్కడ ఇస్తాను.

కానీ అక్కా, బ్రాంచీలకు ఫోను చేసిన గొంతు నాది. నేనే ఆపమన్నానని ఆయన అంటే, కాదనడానికి నా పుస్తకం తప్ప ఏమీ లేదు. నన్ను కూడా లోపల వేస్తారేమో. అయినా బావ లోపలికి పోతుంటే చూస్తూ ఊరుకోలేను. ఎవరికీ చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

పిచుక

ఆగస్టు 12, పొద్దున్న

పిచుకా,

ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి మొదటి బస్సు ఎక్కిస్తున్నాను. మాట్లాడటానికి నోరు రాక రాస్తున్నాను. ఆయనకు కూడా అంతా చెప్పేశాను.

నీ ఉత్తరం నిన్న పొద్దున్న అందింది. బావ సంగతికంటే ముందు నాకు కనపడింది నువ్వు జైలుకు పోతానన్న మాటే. మధ్యాహ్నం వాడు, ఆ మీ సార్, వచ్చాడు, ఇంకేదో కాగితం మీద సంతకానికని. మీ బావ ఇంట్లో లేడు. నేను... చెప్పడానికి సిగ్గేస్తోందే. నేను నీ ఉత్తరం వాడి చేతిలో పెట్టాను. నా చెల్లెలు పిచ్చిపని చేయబోతోంది, దాని మీదికేమీ రాకుండా మీరే చూడండి బాబూ అని బతిమాలాను. బతిమాలుతూ ఏడ్చాను.

ఏడుస్తూ తలెత్తాను. వాడు ఉత్తరం చదవడం ఆపి నన్నే చూస్తున్నాడు. నా కింది పెదవి వణుకుతోంది కదా, వాడి కింది పెదవి మెల్లగా అలాగే వణికింది. నా కనుబొమలు ఎలా పైకి లేచాయో వాడివీ అలాగే లేచాయి. బళ్ళో పిల్లలు నన్ను చూసి కవాతు నేర్చుకున్నట్టు, నా ఏడుపు చూసి వాడు నేర్చుకుంటున్నాడు! నేను టక్కున ఏడుపు ఆపేశాను. వాడి మొహంలో కూడా ఆగిపోయింది. దాని కింద ఏమీ లేదే. కోపమైనా ఉంటే బాగుండేది.

అప్పుడు తెలిసింది నేను నా ఇంట్లో ఎవర్ని కూర్చోబెట్టానో. నువ్వు చెప్పింది ప్రతి అక్షరం నిజమని కూడా అప్పుడే తెలిసింది. నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "రైలు ఎన్నింటికి?" అని అడిగాడు. బడికి పరిగెత్తి హాస్టలుకు ఫోను చేశాను. నాలుగుసార్లు మోగింది, ఎవరూ ఎత్తలేదు. మీ బావ ఇంటికొచ్చేసరికి రాత్రి రైలు వెళ్ళిపోయింది.

బావ కంటే ముందు వాడు నీ దగ్గరికి చేరితే తలుపు తీయకు. పుస్తకం ఇస్తే ఇచ్చెయ్యి, నువ్వు మాత్రం వాడితో ఎక్కడికీ పోకు. నన్ను తిట్టుకో, కొట్టు, మాట్లాడటం మానెయ్యి. ప్రాణంతో ఉండు.

అక్క

ఆగస్టు 13

అక్కా,

ముందుగా, నేను బాగానే ఉన్నాను. బావ కింద సందర్శకుల గదిలో కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. వార్డెను మగవాళ్ళను ఉండనివ్వదు కానీ, ఈ రోజు ఏమీ అనలేదు.

సారే ముందు వచ్చారు. నిన్న పొద్దున్న ఏడింటికి. "మీ సార్ ఎంత మంచివారో, నా మోకాళ్ళ నొప్పి సంగతి కూడా అడిగారు" అంటూ వార్డెనే పైకి వచ్చి పిలిచింది. దిగాను. అరుస్తారనుకున్నాను. నీ దగ్గర తీసుకున్న ఉత్తరం బల్ల మీద పెట్టి, మడతలు చేత్తో సాపు చేసి, "బుజ్జి బడికి ఏ దారిన వెళ్తుందో మీకు తెలుసు కదా" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. నేను పైకి వెళ్ళి పుస్తకం తెచ్చి ఇచ్చేశాను అక్కా. ఎదిరించలేకపోయాను. భయపడి ఇచ్చేశాను. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. మధ్యాహ్నం బావ వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

నీ ఉత్తరం చదివాక నిన్ను బాగా తిట్టాలని కూర్చున్నాను. తిట్టలేకపోయాను. మూడు వందల నలభై మంది భయాలు నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను. నువ్వు ఒక్క ఉత్తరం ఇచ్చావు. ఎవరు ఎవర్ని తిట్టాలి?

బావ విచారణకు వెళ్ళొద్దంటున్నాడు. "పుస్తకం పోయింది, ఇక నీ మాట ఎవరు నమ్ముతారు? నా పీకల మీదికి వచ్చింది చాలు, నువ్వు కూడా ఎందుకు?" అని కోప్పడ్డాడు. నీ మీద కోపం లేదట. సంతకం పెట్టింది తన చెయ్యే కదా అన్నాడు. పొడుగు ఇంజనీరు గారికి కబురు పెట్టాను, జవాబు రాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన కార్డు నాకు తెలుసు.

నేను మాత్రం వెళ్తున్నాను. కాగితం ఏదీ లేదు కాబట్టి నోటితోనే చెప్తాను. తనిఖీ ఆపమని బావకు ఫోను చేసింది నేను. చేయించింది ఆయన. మా బావ జూలై 20న లిఫ్టు చూడలేదు, చూశానని మా ఇంట్లోవాళ్ళ చేత ఒత్తిడి పెట్టించి ఆయనే రాయించారు. నా మాట నమ్మకపోయినా, బావ కాగితం అబద్ధమని ఒక మనిషి తన మీదికి తెచ్చుకుని చెప్పిందన్నది అక్కడ రాసుకోక తప్పదు.

నువ్వు బుజ్జిదాన్ని బడికి పంపకు. నీ వెంటే ఉంచుకో. గుమ్మంలో ఎవరు ఎంత మర్యాదగా నిలబడినా తలుపు తీయకు.

రేపు పదింటికి మా ఆఫీసులోనే విచారణ. ఆయన నాకు ఎదురు కుర్చీలో కూర్చుంటారు, ఆ కుర్చీలు వేయించింది కూడా నేనే. నేను వణుకుతాను అక్కా. ఎదుటివాళ్ళు భయపడుతుంటే చూడటం ఆయనకు ఇష్టం. చూడనీ. వణుకుతూనే చెప్తాను.

నీ చెల్లి